ఫ్యూజు బాగానే ఉంది... బండే ఆగిపోతోంది!

మీ ఇంట్లో గ్రైండరు ప్లగ్గునో, ఇస్త్రీపెట్టె ప్లగ్గునో ఒకసారి పీకి చూడండి. మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగి ఉందా? ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అలాంటి ప్లగ్గు ఒక్కసారైనా చూడని ఇల్లాలు ఉండదనుకుంటాను. సాకెట్టు లోపలి రేకు వదులైపోతుంది. పిన్నుని గట్టిగా పట్టుకోదు. పట్టులేని చోట వేడి పుడుతుంది, ఆ వేడికి ప్లాస్టిక్కు మాడుతుంది. గ్రైండరు పాపం ఏ తప్పూ చెయ్యలేదు. మీటరు దగ్గర ఫ్యూజూ పోలేదు. పిండి మాత్రం సగంలో ఆగిపోతుంది.

సరిగ్గా ఇదే జబ్బు మా ఇంట్లో మోటారు సైకిలుకి వచ్చింది. వంటలూ, ముగ్గులూ చదువుకునే చోట బండి రిపేరు గోలేమిటని విసుక్కోకండి. ఆ బండి మీద రాత్రిపూట ఇంటికి రావలసింది మన మనుషులే కదా!

మాది తెనాలికి దగ్గర్లో పల్లెటూరు. మావారు దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి దగ్గర గుమస్తా. బస్తాల లెక్కలు తేలి ఆయన బయల్దేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. దారిలో నాలుగు కిలోమీటర్లు కాలవ కట్ట మీదే రావాలి. ఒకపక్క పొలాలు, ఒకపక్క కాలవ, దీపస్తంభం అన్నది ఒక్కటీ లేదు. 2024 జులైలో, కాలవలు వదిలి నీళ్ళు నిండుగా పారుతున్న రోజుల్లో, బండి ఈ వేషం మొదలెట్టింది. బాగా పోతున్నది పోతున్నట్టే ఇంజనూ, లైటూ, మీటరూ అన్నీ ఒక్కసారిగా చచ్చిపోయేవి. తాళం ఆపి మళ్ళీ తిప్పి, సీటు మీద రెండు దెబ్బలు వేస్తే మళ్ళీ ప్రాణం వచ్చేది.

పాతకాలం బళ్ళయితే ఇలా జరిగితే హారనూ, ఇండికేటర్లూ పోయేవి గానీ ఇంజను చాలా వాటిలో నడుస్తూనే ఉండేది. 2020 తర్వాత వచ్చిన బళ్ళలో చాలా వాటికి కార్బొరేటరు లేదు. పెట్రోలుని కొలిచి ఇంజనులోకి చిమ్మేది కరెంటుతో పనిచేసే పంపూ, ఇంజెక్టరూ. కరెంటు పోయిందంటే పెట్రోలూ పోదు, నిప్పురవ్వా పుట్టదు. మాది అలాంటి బండే. అంటే కట్ట మీద మలుపు తిరుగుతుండగా కరెంటు పోతే, చీకట్లో కళ్ళకి గంతలు కట్టినట్టే. ఒక రాత్రి అదే జరిగింది. బండి గడ్డిలోకి దిగి, నీళ్ళకి రెండు బారల దూరంలో ఆగిందట. ఆ సంగతి మావారు ఇంటికి రాగానే చెప్పలేదు. రెండ్రోజుల తర్వాత అన్నం తింటూ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా చెప్పారు. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు. అప్పట్నించీ తొమ్మిదయిందంటే వీధి గుమ్మంలో నిలబడి బండి చప్పుడు కోసం చెవులు రిక్కించడమే నా పని.

మెకానిక్కుల దగ్గరికి వెళ్ళలేదా అంటారేమో. మూడుసార్లు వెళ్ళారు. మొదటాయన ఫ్యూజు పీకి, వెలుతురుకి పెట్టి చూసి, "ఫ్యూజు బాగానే ఉందండీ" అని బ్లేడుతో నాలుగు గీతలు గీకి మళ్ళీ గుచ్చేశాడు. నాలుగు రోజులు బాగా నడిచింది. రెండో ఆయన బ్యాటరీ పోయిందన్నాడు. పద్నాలుగు వందలు పెట్టి కొత్తది వేయించారు. వారం నడిచింది. మూడో ఆయన అన్నీ చూసి, "వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలి, నాలుగు వేల పైన అవుద్ది" అన్నాడు. అందాకా ఉండనిమ్మని పదిహేను యాంపుల ఫ్యూజు తీసేసి ముప్ఫై యాంపులది పెట్టి, "ఇక ఫ్యూజు పోయే సమస్యే లేదు" అని భరోసా కూడా ఇచ్చాడు. అసలు ఫ్యూజు ఎప్పుడు పోయింది గనక! ఇంట్లో మా అత్తగారు మాత్రం దిష్టి తగిలిందని నిమ్మకాయా, మిరపకాయలూ కట్టారు. నాలుగు మందుల్లోనూ ఖర్చు తక్కువైంది అదే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా నాన్నగారికి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని టంకం పట్టడం నాకు అలవాటు. ఇంటర్లో ఎం.పి.సి. చదివాను. ఆ తర్వాత పెళ్ళయింది, పుస్తకాలు అటక ఎక్కాయి. కానీ ఓము గారి సూత్రం పెళ్ళితో పోదు కదండీ.

ఒక ఆదివారం పొద్దున బండి తుడుస్తుంటే సీటు పక్కనుంచి ఒక వాసన తగిలింది. మనకి అలవాటైన వాసనే. మిక్సీ ప్లగ్గు మాడినప్పుడు వస్తుందే, అది. పోపు మాడితే పక్కింట్లోంచే పసిగట్టే ముక్కులు మనవి. పక్క మూత స్క్రూలు విప్పి చూశాను. బ్యాటరీ పక్కన అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్లటి ప్లాస్టిక్కు గూడు, అందులో ఫ్యూజు. దాన్నే ఫ్యూజు హోల్డరంటారు. దానికి ఒక పక్క అప్పడం అంచులా వంకర తిరిగిపోయి ఉంది. ఫ్యూజు పీకబోతే అతుక్కుని రాలేదు, పక్కలు పట్టుకుని అటూ ఇటూ ఆడించి తీశాను. ఒక కాలు తెల్లగా మెరుస్తోంది, రెండో కాలు నీలం తిరిగి, మసిబారి ఉంది. హోల్డరు లోపలి రేకు మీద పచ్చగా చిలుము. రాగి చెంబు తోమకుండా వదిలేస్తే పడుతుందే, అదే చిలుము.

చూసీ చూడగానే సగం అర్థమైపోయింది. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. మావారు పేపరు చదువుతూ, "నీకెందుకే ఇవన్నీ, వేళ్ళు కాలతయ్" అన్నారు. "పన్నెండు వోల్టులకి మనిషికి షాకు కొట్టదండీ, స్పానరు తగిలి నిప్పులు రాకుండా చూసుకుంటే చాలు" అన్నాను. నిజమే, ఇంటి కరెంటుతో ఈ పనులు మాత్రం మీరు చెయ్యకండి. అది 230 వోల్టులు. దాని జోలి వేరు.

పరీక్ష ఎలా చేశానో చెబుతాను. పాత ఇండికేటరు బల్బొకటి, హోల్డరుతో సహా, రెండు వైర్లు కట్టి పెట్టుకున్నాను. ఒక వైరు బ్యాటరీ మైనస్సుకి తగిలించి, రెండోది బ్యాటరీ ప్లస్సుకి ముట్టిస్తే భగ్గున వెలిగింది. అంటే బ్యాటరీ బాగున్నట్టే, పద్నాలుగు వందలు దండగే. తర్వాత ఫ్యూజు వీపు మీద రెండు చిన్న చిన్న మెరుపు చుక్కలుంటాయి, ప్లాస్టిక్కు తొడుగు లేని చోట్లు. ఫ్యూజు పీకకుండా పరీక్ష చెయ్యడానికే వాటిని అలా వదిలేస్తారు. మొదటి చుక్క మీద పెడితే వెలుగు మసగ్గా ఉంది. రెండో చుక్క మీదా అంతే మసక. రెండు చుక్కల మీదా ఒకటే వెలుగంటే ఫ్యూజు లోపలి తీగ బాగుందన్నమాట. బ్యాటరీ నుంచి ఫ్యూజు కాలుకి వచ్చే దారిలోనే, అంటే ఆ మాడిన రేకు దగ్గరే, కరెంటు ఇరుక్కుంటోంది.

ఇక్కడో చిన్న కిటుకుంది. చాలామంది మెకానిక్కులు మల్టీమీటరు పెట్టి, "పన్నెండు చూపిస్తోంది, లైను బాగుంది" అనేస్తారు. ఆ మీటరు కరెంటు దాదాపు తాగదు. కుళాయి గొట్టంలో సగానికి సగం తుప్పు పట్టినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ నీటి ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. తిప్పి బిందె పెట్టినప్పుడు కదా ధార సన్నగా వస్తోందని తెలిసేది! అందుకని బల్బే మేలు. లేదా కరెంటు బాగా పారుతున్నప్పుడు మీటరుతో చూడాలి. నేను అదీ చేశాను. మా అమ్మాయిని బండెక్కించి తాళం తిప్పించి, హారను నొక్కి, బ్రేకు పట్టుకుని, ఇండికేటరు వెయ్యమన్నాను. మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్సు మీద, రెండో కొన ఫ్యూజు దాటిన తర్వాతి వైరు మీద పెట్టాను. ఆదివారం పూట ఆ హారను మోతకి మా అత్తగారు పూజలోంచి లేచొచ్చి, "పెళ్ళివారు గానీ దిగారా!" అన్నారు. మీటరు ఒకటిన్నర వోల్టు చూపించింది. బాగున్న హోల్డరయితే ఒక వోల్టులో పదోవంతుకి అటూ ఇటూగా ఉండాలి.

ఆ ఒకటిన్నర వోల్టు ఎక్కడికి పోతోంది? వేడిగా మారుతోంది. హారనూ, బ్రేకు లైటూ, ఇండికేటర్లూ కలిపి ఆరు యాంపులు అనుకుందాం. ఆరుని ఒకటిన్నరతో హెచ్చిస్తే తొమ్మిది వాట్లు. తొమ్మిదేనా అని తీసిపారెయ్యకండి. పడగ్గదిలో వేసుకునే పాతరకం జీరో బల్బు పేరుకే సున్నా, పది పదిహేను వాట్లు తినేది. వెలుగుతున్నప్పుడు దాన్ని ముట్టుకుంటే వేలు కాలేది గుర్తుందా? అంత వేడి ఒక గోరంత రేకు మీద, గాలాడని మూత వెనకాల రోజూ గంటసేపు పుడితే ప్లాస్టిక్కు కరగక ఏం చేస్తుంది? వేడెక్కినకొద్దీ రేకు స్ప్రింగు బిగువు పోతుంది. బిగువు పోయినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. చివరికి గతుకులో పడ్డప్పుడల్లా పట్టు వదిలేస్తుంది, సీటు మీద గుద్దితే మళ్ళీ అంటుకుంటుంది.

మరి ఫ్యూజెందుకు పోలేదు? ఇదే అందర్నీ బోల్తా కొట్టించే చోటు. ఫ్యూజు చూసేది తనలోంచి ఎంత కరెంటు పోతోందన్నదే. పదిహేను యాంపుల ఫ్యూజులోంచి ఆరు యాంపులు పోతుంటే దానికి లెక్కే లేదు. దాని కాలు పక్కనే కొంప అంటుకుంటోందని దానికి తెలియదు. కరెంటు ఎక్కువై కాలడం ఒక జబ్బు, పట్టు వదులై కాలడం ఇంకో జబ్బు. మొదటిదానికే ఫ్యూజు మందు. రెండోదానికి ఎంత పెద్ద ఫ్యూజు పెట్టినా లాభం లేదు సరిగదా, ప్రమాదం. ముప్ఫై యాంపులది పెట్టాక, రేపెక్కడైనా వైరు ఒరుసుకుపోయి బండి ఇనుముకి తగిలిందనుకోండి, పదిహేనుకి తెగాల్సిన ఫ్యూజు తెగదు. దానికి బదులు వైరే నిప్పుకణికలా కాలుతుంది. ఆ వైర్లు పోయేది పెట్రోలు ట్యాంకు కింద నుంచే! సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. మీటరు పక్కన పింగాణీ ఫ్యూజులో నాలుగు పేటల రాగి తీగ చుట్టే వాళ్ళకీ ఇదే దణ్ణం.

మర్నాడు తెనాలి వెళ్ళి ఆటో ఎలక్ట్రికల్ కొట్లో అడిగాను. "వైరుతో సహా వచ్చే ఫ్యూజు హోల్డరు కావాలి బాబూ, మూత ఉన్నది, పదిహేను యాంపులకి ఆగే వైరు" అంటే కొట్టతను నన్నూ, నా చేతిలో కూరల సంచినీ మార్చి మార్చి చూశాడు. "ఎవరికమ్మా?" అన్నాడు. "బండికి" అన్నాను. మొదట ఇచ్చిన దాని వైరు సేమ్యా అంత సన్నగా ఉంది, వద్దన్నాను. పాత వైరు ముక్క తీసికెళ్ళి పక్కన పెట్టి, దానికంటే లావుగా ఉన్నదే తెచ్చుకున్నాను. అరవై రూపాయలు. నీలం రంగు పదిహేను యాంపుల ఫ్యూజులు రెండు, వేడిచేస్తే ముడుచుకునే గొట్టం మూర. అన్నీ కలిపి నూరు దాటలేదు. అన్నట్టు ఈ ఫ్యూజులకి రంగుని బట్టి లెక్క. ఎరుపు పది, నీలం పదిహేను, పసుపు ఇరవై, ఆకుపచ్చ ముప్ఫై. మీ బండికి ఏది కావాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ మూడో మెకానిక్కు పెట్టిన ఆకుపచ్చది పీకి పక్కన పడేశాను.

పని మొదలెట్టేముందు బ్యాటరీ మైనస్సు వైరు విప్పాలి. ముందు మైనస్సే. ప్లస్సు విప్పబోతే స్పానరు బండి ఇనుముకి తగిలి నిప్పులు చిమ్ముతాయి. మైనస్సు ముందు తీసేస్తే ఆ గొడవుండదు. బిగించేటప్పుడు మైనస్సు ఆఖర్న. తర్వాత మాడిన హోల్డరుని రెండు వైపులా కత్తిరించేశాను. అక్కడితో అయిపోలేదు. వేడి వైరులోకి కూడా పాకుతుంది. కత్తిరించిన చోట తొడుగు వలిచి చూస్తే లోపలి రాగి నల్లగా ఉంది. నల్ల రాగికి టంకం అంటదు, అంటినట్టున్నా నిలవదు. ఇంకో అంగుళం కత్తిరించాను, ఇంకా నలుపే. మరో అంగుళం పోయాక కొత్త బిందెలా మెరిసింది. అక్కడ ఆగాను. వైరుతో సహా వచ్చే హోల్డరు కొనమన్నది ఇందుకే, పోయిన పొడుగు దాంతో కలిసొస్తుంది.

చింతపండుతో తోమితే చిలుము పోతుంది కదా, పాత రేకునే తోముకుంటే సరిపోదా అని మా పక్కింటావిడ అడిగింది. తోమితే మెరుస్తుంది, నిజమే. బిగువు తిరిగి రాదు. పైగా ఆ పులుపు సందుల్లో మిగిలిపోయి వారం తిరక్కుండా ఇంకా చిలుము పట్టిస్తుంది. చింతపండు చెంబులకే.

అతుకు వేసేముందు ముడుచుకునే గొట్టం ముక్క వైరుకి తొడిగి పెట్టుకోవాలి, అతికాక తొడగడం కుదరదు. రెండు వైపుల తీగల్నీ ఒకదానిలోకి ఒకటి జొనిపి, జడలా మెలిపెట్టి, టంకం పెట్టాను. టంకం పైన ముద్దగా కూచోకూడదు. వేడి తీగకి తగలాలి, తీగ వేడికి టంకం దానంతట అది లోపలికి పీల్చుకుపోవాలి. మా నాన్నగారు, "టంకాన్ని కాదమ్మా, తీగని కాల్చు" అనేవారు. రెండు అతుకులూ ఒకచోట పడకుండా ఒకటి ముందూ ఒకటి వెనకా వేశాను. గొట్టం అతుకు మీదికి జరిపి కొవ్వొత్తి సెగ దూరంగా చూపిస్తే ముడుచుకుని చర్మంలా పట్టేసింది. ఈ కొవ్వొత్తి పని బండికి పెట్రోలు వాసన తగలని దూరంలో, వైర్లు విడిగా ఉన్నప్పుడే చెయ్యాలి సుమండీ. కుదరకపోతే టంకం మాటే మానేసి, నొక్కితే పట్టేసే ఇత్తడి గొట్టాలు దొరుకుతాయి, వాటిని నొక్కే ప్లయరుతో నొక్కించుకోండి. నిజం చెప్పాలంటే బళ్ళకి అదే మేలనేవాళ్ళున్నారు. టంకం పీల్చిన తీగ గట్టిపడి, బండి అదురుకి అంచున విరుగుతుంది. అందుకే నేను అతుకుకి రెండు వైపులా వైరుని నైలాను పట్టీలతో చాసిస్‌కి కట్టేశాను, కదలకుండా. నల్ల టేపు మాత్రం చుట్టకండి. ఎండాకాలం దాని జిగురు కరిగి ఊడొస్తుంది.

అసలింత జబ్బు ఎందుకొచ్చిందా అని వెతికితే రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, నీళ్ళు. సర్వీసింగులో జోరుగా నీళ్ళు కొట్టి కడుగుతారు. పాత హోల్డరు మూత ఎప్పుడో పోయింది, నీళ్ళన్నీ రేకుల్లోకే. రెండోది, మావారు కట్ట మీద చీకటని బండి ముందు రెండు ఫాగ్ లైట్లు పెట్టించుకున్నారు. వాటి వైరు కూడా ఈ హోల్డరులోంచే లాగారు. పాపం ఆయన వెలుగు కోసం పెట్టించిన లైట్లే చీకటి తెచ్చాయి. ఈ ముక్క ఆయన మొహం మీద అనలేదు గానీ, లైట్ల వైరు అక్కణ్ణుంచి తెంపేసి, బ్యాటరీ నుంచి నేరుగా వేరే చిన్న ఫ్యూజుతో, రిలే పెట్టించి లాగించాను. ఆ పనికి మాత్రం మా తమ్ముణ్ణి పిలిపించాను, రిలేల దాకా నేను పోలేదు.

అన్నీ బిగించాక మళ్ళీ అమ్మాయిని బండెక్కించాం. హారను, బ్రేకు, ఇండికేటరు. ఈసారి మీటరు సున్నా చుక్క సున్నా ఎనిమిది చూపించింది. మా అత్తగారు గుమ్మంలోంచే, "మళ్ళీ పెళ్ళివారే!" అన్నారు.

ఆ రాత్రి మావారు తొమ్మిదీ నలభైకి వచ్చారు. చేతులు కడుక్కోకముందే బండి పక్క మూత మీద చెయ్యేసి చూశాను, చల్లగానే ఉంది. వారం తర్వాత స్క్రూలు విప్పి హోల్డరునే ముట్టుకున్నాను. గోరువెచ్చగా కూడా లేదు. ఇప్పుడు ప్రతి వినాయక చవితికీ బండి కడిగి బొట్టుపెట్టే ముందు ఆ మూత ఒకసారి తీసి చూస్తాం. స్క్రూలు విప్పేది మావారే. రెండో నీలం ఫ్యూజు చిన్న ప్లాస్టిక్కు కవరులో చుట్టి, సీటు కింద పనిముట్ల సంచిలో ఉంచాం.